ఇస్లామీయ విద్యాదృష్టి - ఆధునిక విద్యాతత్త్వములు

ఇస్లామీయ విద్య యనగా కంఠపాఠమనియు, ఆధునిక విద్య యనగా స్వతంత్రాలోచన మనియు విభజించుట పలువురకు వాడుక. చెన్నపురి విద్యాచరిత్రను పరిశీలించినచో ఈ విభాగము నిలువదు.

1789లో ఎగ్మూరునందలి సైనికుల అనాథ బాలుర శరణాలయమున ఆండ్రూ బెల్ పర్యవేక్షణభారము వహించెను. దేశీయ బాలురు ఇసుకలో వేలితో వ్రాయుట గాంచి ఆ పద్ధతిని గ్రహించెను. నేర్చిన బాలునిచే నేర్వని బాలునికి చెప్పించు విధానమును రూపొందించి 1797లో ప్రకటించెను. అదియే ఇంగ్లండున వ్యాపించిన 'మదరాసు పద్ధతి'. ఇంచుమించు ఆ కాలముననే లక్నో ఫరంగీమహల్ పండితుడు అబ్దుల్ అలీ బహ్రుల్ ఉలూమ్ ఆర్కాటు నవాబు ఆదరమున ఈ నగరమున బోధించి, 1810లో ఇచ్చటనే గతించెను. ఆయన తండ్రి ముల్లా నిజాముద్దీన్ కూర్చిన 'దర్సె నిజామీ' పాఠ్యక్రమమున తర్కమునకును తత్త్వమునకును విశేషస్థానము కలదు. నవీనమనబడినది యాంత్రికమైన వల్లెవేతకు దారితీయగా, ప్రాచీనమనబడినది తర్కమును నేర్పినది.

అట్లని మదరసా నిర్దోషమనరాదు. కాలక్రమమున ఆ తర్కము ప్రకృతి పరిశీలనకు గాక వ్యాఖ్యలకు వ్యాఖ్యలు వ్రాయుటకే వ్యయమయ్యెను. కఠినదండన పిల్లలకు కపటమును నేర్పునని ఇబ్న్ ఖల్దూన్ 1377 నాటి 'ముఖద్దిమ'లోనే హెచ్చరించెను. రూసో 'ఎమీల్' వెలువడినది 1762లో.

నిజమైన భేదము పద్ధతియందు గాక గమ్యమునందున్నది. వికాసమునకు మరింత వికాసమే లక్ష్యమని జాన్ డ్యూయీ 1916లో ప్రతిపాదించెను. దొంగయు తన విద్యలో వికసింపవచ్చును గదా యను ఆక్షేపమును ఆయనయే 1938లో చర్చించి, మున్ముందు వికాసమునకు దారి మూయునది విద్య కాదనెను. ఆ సమాధానము చాలదు. దారి తెరచియుండుట వేరు. అది సన్మార్గమగుట వేరు. ఇస్లామీయ చింతన విద్యను దేవుని యెదుట బాధ్యతగా నెంచి, తాలీమునకు తర్బియతును, అదబును జోడించినది. ఆచరణకు రాని జ్ఞానమును గజ్జాలీ మెచ్చలేదు. అయితే గమ్యము ముందే నిర్ణీతమైనదని విద్యార్థి ప్రశ్నను అణచినచో ఆ బాధ్యతయు నెరవేరదు.

ప్రశ్న పుట్టుటకు భాష కావలెను. 12వ శతాబ్దిలో ఖాజీ అబూబకర్ ఇబ్నుల్ అరబీ, అర్థమెరుగని పసివానిచే ఖురాను చదివించుటకు మారుగా ముందు భాషను, కవిత్వమును నేర్పుమనెను. ఆచారము అడ్డుపడినను ఆ మార్గము మంచిదేయని ఇబ్న్ ఖల్దూన్ అంగీకరించెను. చెన్నపురిలో తెలుగుబిడ్డకు తెలుగేల యను వారు ఈ మాటను తలపోయవలెను. ఏ తత్త్వము ననుసరించు పాఠశాలయైనను, బాలునికి తెలిసిన భాషలో మొదలిడనిచో అచ్చట మిగులునది కంఠపాఠమే.