పక్కింటి పిల్లల్ని చూసుకునే పని

ఇంట్లోనే ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకునే పని మొదలుపెట్టాలా అని ఆలోచించేవాళ్లు ముందు వేసుకునే లెక్క, నెలకు ఎంత వస్తుందని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ఎంతమందిని చూడగలనన్నది. ఈ పనిలోని నేర్పంతా అక్కడే ఉంది. ఇంగ్లండ్‌లో ఈ పని ఒక్కరే చేస్తుంటే ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు, వారిలో ఏడాది నిండనివారు మామూలుగా ఒక్కరే ఉండాలి. ఆ నియమం ఊరికే పుట్టలేదు. పాకే బిడ్డ చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. అదే నిమిషంలో రెండేళ్లవాడు నీళ్ల బకెట్ దగ్గరికి పోతాడు. ఒకరికి అన్నం తినిపిస్తూనే ఇంకొకరి ఏడుపు ఆకలిదో నిద్రదో పోల్చుకోవడం ఎంత పెద్ద విద్య!

పిల్లల్ని పెంచిన ఏ తల్లికైనా వచ్చే పనే కదా, దీనికి డబ్బులెందుకు అంటారు కొందరు. సొంత బిడ్డ అలవాట్లు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పరాయి బిడ్డవి కొత్తగా నేర్చుకోవాలి, సాయంత్రం ఆ తల్లికి జవాబు చెప్పాలి. అంగన్‌వాడీ ఉందిగా అనే మాటా వింటాం. ఉద్యోగానికి వెళ్లిన తల్లి తిరిగొచ్చేదాకా అది మామూలుగా తెరిచి ఉండదు. 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం 50 మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలంది. చిన్న బట్టల కొట్టులో పనిచేసే అమ్మకు ఆ క్రెష్ అందదు, వీధిలోని ఈ ఇల్లు అందుతుంది. గేటుకు గడియ, ఇంట్లోవాళ్ల ఒప్పుదల, జ్వరమొచ్చిన బిడ్డను ఈ రోజు తీసుకోనని చెప్పగల ధైర్యం ఉన్నామె సంకోచించక్కర్లేదు. ఫీజు అడగడానికి మొహమాటపడనూ అక్కర్లేదు.