తాడు వదులుగా ఉంటేనే నడక

ఉదయం ఆరింటికి మా కాలనీలో ఏ మలుపు దగ్గర నిలబడినా కనిపించే దృశ్యమే ఇది. ముందు లాబ్రడార్, దాని వెనక చెయ్యి బారుగా సాగిపోయి, చెప్పులు జారిపోతూ మనిషి. కుక్క గొంతులోంచి గరగరమని దగ్గు. "వీడికి పొగరండీ, ఎంత చెప్పినా వినడు" అంటారు ఆయాసపడుతూ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కుక్క తరఫున మాట్లాడాలనిపిస్తుంది.

మనం తీరిగ్గా నడిస్తే గంటకు నాలుగైదు కిలోమీటర్లు. కాస్త పొడుగు కాళ్లున్న ఏ కుక్కకైనా అది విసుగు పుట్టించే వేగం. పైగా ఎదురుగా ఉన్న వేపచెట్టు మొదట్లోకి రాత్రి ఎవరెవరు వచ్చి వెళ్లారో తెలుసుకోవాలని ఆత్రం. అందుకని లాగుతుంది. మనం రెండడుగులు ముందుకు వేస్తాం. చెట్టు దగ్గరికొస్తుంది. లాగితే చెట్టు అందుతుందని కుక్క నేర్చేసుకుంది. ఆ పాఠం చెప్పింది మనమే, రోజూ చెబుతున్నదీ మనమే. తాడు బిగిసి ఉండగా మనం వేసే ప్రతి అడుగూ లాగినందుకు ఇచ్చే బహుమతే.

కాబట్టి ఆ బహుమతి ఆపాలి. తాడు బిగిసిన క్షణంలో నిలబడిపోవాలి. గుంజకూడదు, గద్దించకూడదు. మెడకు పట్టిన బిగువుకు ఎదురు తన్నడం జంతువు ఒంట్లోనే ఉంది. మనం వెనక్కి లాగితే అది ఇంకా ముందుకే వంగుతుంది. పట్టుకున్న చేతిని పొట్టకు ఆనించి ఊరికే నిలబడితే చాలు. కాసేపటికి కుక్క వెనక్కి తిరిగి చూస్తుంది, లేదా ఒక్క అడుగు వెనక్కి వేస్తుంది. తాడు మధ్యలో కిందికి వేలాడుతుంది. ఆ వేలాడడం కోసమే మనం ఎదురుచూస్తున్నాం. వెంటనే మెచ్చుకుని నడక మొదలుపెట్టాలి. మొదట్లో ఇలా ఆగుతూ ఆగుతూ పక్కింటి గేటు దాకా వెళ్లడమే గగనం. వెళ్లేవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

మా ఊళ్లో బాగా బండి తోలే రైతు చేతిలో పగ్గాలు ఎప్పుడూ వదులుగానే ఉండేవి. వేళ్ల కదలికతోనే ఎద్దులు మలుపు తిరిగేవి. తోలడం రానివాడి చేతుల్లోనే పగ్గాలు బిగిసి ఉండేవి. కుక్క తాడు పట్టుకున్న ప్రతిసారీ నాకు ఆ చేతులు గుర్తొస్తాయి.

ఈ తర్ఫీదు వీధిలో మొదలుపెట్టకండి. హాల్లో, మేడ మీద, మెట్ల దగ్గర, అంటే వాసనలూ శబ్దాలూ తక్కువున్న చోట మొదలవ్వాలి. ఉడికించిన చికెన్, లివర్ ముక్కలు, శాకాహారులైతే పనీర్, గోరంత పరిమాణంలో జేబులో పెట్టుకోండి. (ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం వద్దు, కుక్క కిడ్నీలు దెబ్బతింటాయి.) ముక్క ఇవ్వడం కంటే ఎక్కడ ఇస్తున్నామన్నది ముఖ్యం. చాలామంది చెయ్యి ముందుకు చాపి ఇస్తారు, కుక్క ముందుకే వస్తుంది. మన మోకాలి పక్కన, ప్యాంటు కుట్టుకు ఆనించి ఇస్తే ఆ చోటే దానికి ఇష్టమైన చోటవుతుంది. ఆరడుగుల మామూలు తాడు చాలు. బటన్ నొక్కితే సాగే తాళ్లు ఈ పనికి పనికిరావు. వాటిలో ఎప్పుడూ కొంత బిగువు ఉంటుంది, లాగితేనే పొడవు పెరుగుతుంది. మనం మాన్పించాలనుకున్నదాన్నే అవి నేర్పుతాయి.

పెంపుడు జంతువుల దుకాణాల్లో ఇప్పటికీ మెడకు బిగుసుకునే గొలుసులు, లోపలి వైపు ముళ్లున్న పట్టీలు వేలాడుతూ కనిపిస్తాయి. వాటి వెనక పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలో పోలీసు కుక్కల తర్ఫీదు చూసిన కోన్‌రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకం నుంచి, డిస్నీ సినిమాల జంతువులకు తర్ఫీదు ఇచ్చిన విలియం కోలర్ 1962లో తెచ్చిన పుస్తకం దాకా, తప్పు చేస్తే మెడ దగ్గర నొప్పి తెలియాలన్నదే ప్రధాన సూత్రం. దీనికి తోడు తోడేళ్ల కథ ఒకటి. బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన పరిశీలనల నుంచి, గుంపుకో నాయకుడు ఉంటాడు, నువ్వే ఆ నాయకుడివి కావాలి అన్న మాట పుట్టుకొచ్చింది. ఆ మాటను 1970 నాటి తన పుస్తకంతో బాగా వ్యాప్తి చేసిన డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించాక, 1999లో తానే దిద్దుకున్నాడు. అడవిలో గుంపంటే సాధారణంగా అమ్మా నాన్నా పిల్లలూ అన్నాడు. అయినా మన దగ్గర "మీరు బాస్ అని దానికి తెలియాలి సార్" అనే ట్రైనర్లు ఇంకా ఉన్నారు. అలాంటివాళ్లను గేటు దగ్గరే పంపించెయ్యమంటాను. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో, ఏ కుక్కకైనా బహుమతితో నేర్పే పద్ధతులే వాడాలని తేల్చి చెప్పింది.

ఇక్కడ మెడ గురించి కూడా చెప్పాలి. పట్టీ బిగిసే చోటే శ్వాసనాళం, థైరాయిడ్ గ్రంథి ఉన్నాయి. పట్టీ పెట్టుకుని లాగుతున్నప్పుడు కుక్క కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుందని, రొమ్మూ వీపూ చుట్టి తొడిగే హార్నెస్‌తో అలా పెరగలేదని 2006లో ఒక అధ్యయనం చూపింది. మూతి నొక్కుకుపోయి, అసలే ఊపిరికి కష్టపడే పగ్‌ను మెడ పట్టీతో ఈడ్చుకుపోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. హార్నెస్ కొనేటప్పుడు రొమ్ము దగ్గర కూడా రింగ్ ఉన్నది కొనండి. తాడు అక్కడ తగిలిస్తే, లాగినప్పుడు కుక్క పక్కకు తిరుగుతుంది. వీపు మీద రింగ్ ఒక్కటే ఉంటే ఇంకా సుఖంగా లాగుతుంది. మంచు మీద బండ్లు లాగే కుక్కలకు బరువు ఒంటి మీద పరుచుకునేలా హార్నెస్ వేసేది అందుకే కదా.

మా ఇంట్లో ఉన్నది వీధిలోంచి తెచ్చుకున్న దేశీ కుక్క, మల్లి. దానికి చికెన్ ముక్క కంటే వాసనే పెద్ద బహుమతి. వేపచెట్టు ఇరవై అడుగుల దూరంలో ఉండగానే దాని ముక్కు పని మొదలుపెడుతుంది. తాడు వదులుగా పెట్టి నా పక్కన కొన్ని అడుగులు వేస్తే "పో, చూసుకో" అంటాను. చెట్టు దగ్గర తనకు కావలసినంత సేపు నిలబడతాం. నేను ఫోన్ తియ్యను, తొందర పెట్టను. అది ఒకే ఆకును మూడు వైపుల నుంచి చదువుతుంది. కోరుకున్నది లాగకుండానే దొరుకుతుందని తెలిశాక లాగాల్సిన అవసరమే తగ్గిపోయింది.

మన ఊళ్లలో అసలు కష్టం వీధి కుక్కలతోనే వస్తుంది. ప్రతి సందూ ఏదో ఒక గుంపుది. దూరంగా వాటిని చూడగానే మనం తాడు చుట్టుకుని బిగిస్తాం. మన భయం తాడు గుండా కుక్కకు అందుతుంది, మొరుగుడు మొదలవుతుంది. నిజానికి కుక్కలు మర్యాదగా ఎదురుపడేటప్పుడు తిన్నగా రావు, కాస్త వంపు తీసుకుంటాయి. మనమూ అలాగే చెయ్యొచ్చు. ముందే రోడ్డు దాటి దూరంగా వంపు తిరిగి, నేల మీద నాలుగు ముక్కలు చల్లి, ముక్కు కిందికి దించేలా చెయ్యాలి. ఆ సందు మరీ గొడవైతే ఇంకో దారిలో వెళ్లండి.

ఇంటిల్లిపాదీ ఒకే పద్ధతి పాటించాలి. నాన్న ఆగుతాడు, అబ్బాయి పరిగెత్తిస్తాడు, అమ్మ ఆఫీసుకు ఆలస్యమవుతోందని లాక్కుపోతుంది. అప్పుడప్పుడూ ఫలించే అలవాటు ఎప్పుడూ ఫలించేదానికంటే మొండిగా నిలిచిపోతుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాలు చెబుతున్నాయి. తొందరగా ఉన్న రోజుకు నేను వేరే ఏర్పాటు చేసుకున్నాను. తర్ఫీదు నడకకు రొమ్ము దగ్గరి రింగ్, తొందర నడకకు వీపు మీది రింగ్. తేడా మల్లికి తెలుసు.

రోజంతా గేటు దగ్గర గొలుసుతో కట్టేసిన కుక్క, తాడు చూడగానే పిచ్చెత్తినట్టు లాగితే తప్పు దానిదంటే నేనొప్పుకోను. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం, నిత్యం కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం యజమాని చేసే నేరం. సెక్షన్ 11లో ఉందది.

ఈ మధ్య కుక్కల్ని తిప్పడానికి మనుషుల్ని పెట్టుకుంటున్నారు. మా కాలనీలోనూ ఒక అబ్బాయి ఒకేసారి మూడు కుక్కల్ని పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తాడు. "రెండు రౌండ్లు తిప్పు" అని అడిగితే అతను మాత్రం ఏం చేస్తాడు? రౌండ్లు అడగడం మానేసి అరగంట అడగండి. ఒక్కోదాన్ని విడిగా తిప్పమనండి, డబ్బు కాస్త ఎక్కువే ఇవ్వండి. ఆ అరగంటలో గేటు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకే వెళ్లినా సరేనని ముందే చెప్పండి.