తగ్గిస్తేనే వినిపించే గిటార్

వినాయక చవితి పందిళ్ల నుంచి సంక్రాంతి సంబరాల దాకా గోదావరి జిల్లాల్లో ఆర్కెస్ట్రాలకు తీరికుండదు. ఇదివరకు గిటారిస్టుతో పాటు బరువైన ఆంప్ కూడా వ్యానెక్కేది. ఇప్పుడు సంచిలో పట్టే డిజిటల్ మోడలర్ చాలు. ఆంప్, స్పీకర్, దాని ముందు పెట్టే మైకు, అన్నింటి ధ్వనినీ తానే పుట్టించి ఒక్క కేబుల్‌తో మిక్సర్‌కి అందిస్తుంది. 1998లో లైన్ 6 పాడ్‌తో జనానికి చేరువైన ఈ పద్ధతి కెంపర్ (2011), హీలిక్స్ (2015) వచ్చేసరికి పెద్ద వేదికలూ ఎక్కింది. నాకు ఈ మార్పు నచ్చింది.

అయితే ఇంట్లో హెడ్‌ఫోన్లలో అద్భుతంగా పలికిన ప్యాచ్ (మోడలర్‌లో దాచుకున్న సౌండ్ సెట్టింగు) స్టేజీ మీద డ్రమ్స్, కీబోర్డుల మధ్య వినపడకుండా ఎందుకు పోతోందని కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు. యంత్రంలో లోపం లేదు. చెవి తీరే అంత. చిన్న సౌండులో బేసూ ట్రెబులూ మనకు తక్కువగా వినిపిస్తాయని 1933లోనే శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. అందుకే ఇంట్లో ఆ రెండూ పెంచుకుని మిడ్ తగ్గిస్తాం. పెద్ద బాక్సుల్లోకి వెళ్లాక బేసు గుయ్‌మంటుంది, ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంటుంది. గిటార్ పలుకంతా ఉండే మిడ్ మాత్రం కరువవుతుంది.

కాబట్టి పెంచకండి, తీసెయ్యండి. గిటార్ మందపు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య లో-కట్ పెట్టి, ఆ కిందిదంతా కిక్ డ్రమ్ముకూ బేస్ గిటారుకూ వదిలెయ్యాలి. అసలు గిటార్ స్పీకరే ఐదారు వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు గనక ఆ పైన హై కట్. గెయిన్ ఇంట్లో కన్నా తక్కువ. రివర్బ్ చోటును బట్టి: రాజమండ్రి ఆనం కళాకేంద్రం లాంటి హాల్లో వేసేదానికీ, కోనసీమలో కోసిన వరిచేలో కట్టిన స్టేజీ మీద వేసేదానికీ పోలికే లేదు. బాక్సులు మోనోలో ఉంటే స్టీరియో కోరస్ పల్చబడిపోతుంది, అదీ ముందే విని చూసుకోవాలి.

తీసెయ్యడమంటే నాకు మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గుర్తొస్తారు. జంట తీగలుండే మామూలు మాండలిన్ వదిలి, ఐదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించారాయన. ఆ వాయిద్యంతోనే రిమెంబర్ శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నారు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన రికార్డింగులు వినండి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే దారి కూడా స్పష్టంగా తెలుస్తుంది. గిటార్ నేర్చుకునే పిల్లలకు అంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు.

ఈ సర్దుబాట్లన్నీ చెయ్యాల్సింది స్టేజీ సౌండులో, బ్యాండంతా వాయిస్తుండగా, ఒకరు జనంలో నిలబడి వింటుండగా. అందుకే ఉత్సవ కమిటీల పెద్దలకు ఒక మనవి. జనం రాకముందే ఆర్కెస్ట్రాకు ఓ అరగంట ఇవ్వండి. జనరేటరూ లైట్లూ అన్నీ వేసే ఉంచండి. గిటార్లో హమ్ ఉంటే అప్పుడే బయటపడుతుంది.