కాలి సంగతి రాయలేదు

మంత్రాలయం మఠంలో రథోత్సవం సందడి అణిగి, యాత్రికులు గదులు చేరే వేళకు నా పని మొదలవుతుంది. అమెరికాలో ఎవరో డాక్టర్ పగటిపూట చూసిన రోగి చార్టు, తుంగభద్ర ఒడ్డున మా మిద్దె మీది గదిలో రాత్రిపూట తెరుచుకుంటుంది. చదివి, రోగానికి తగిన కోడ్ వేయాలి. కోడ్ తప్పితే అక్కడి ఇన్సూరెన్సు కంపెనీ బిల్లు తిప్పికొడుతుంది. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ అనే మెడికల్ కోడర్ల పరీక్ష రాసి నేర్చుకున్న విద్య ఇదే.

నాకు ఎక్కువగా వచ్చేవి నడుము కేసులు. నడుములో డిస్కు అరుగుదలకు చాలాకాలం ఒకటే కోడ్, ఎం51.36. కళ్లు మూసుకుని వేసేవాళ్లం. 2024 అక్టోబర్ 1 నుంచి దాన్ని నాలుగుగా చీల్చారు. ఒట్టి నడుము నొప్పే అయితే చివర 0, కాలి నొప్పి మాత్రమే అయితే 1, రెండూ ఉంటే 2, ఏ నొప్పి ఊసూ లేకపోతే 9. నడుము చివరి పూసకూ త్రికాస్థికీ మధ్యనున్న డిస్కు అయితే ఎం51.37, దానికీ ఇవే నాలుగు తోకలు. మారిన మొదటి వారంలోనే చేతి అలవాటు కొద్దీ పాత కోడే కొట్టాను. ఆడిటర్ పట్టుకున్నాడు, ఆ నెల నా క్వాలిటీ స్కోరు పడింది. తప్పు నాదే.

మాకు తలనొప్పి తెచ్చేది ఆ తొమ్మిది. నొప్పి లేదని కాదు దాని అర్థం, నొప్పి గురించి డాక్టర్ ఏమీ రాయలేదని. ఎమ్మారై రిపోర్టులో డిస్కు ఎండిందని ఉంటుంది. (నీరున్న డిస్కు ఫిల్ములో తెల్లగా, ఎండినది నల్లగా కనబడుతుంది. సీమలో పుట్టినందుకేమో, ఆ నలుపు చూస్తే నాకు మా ఊరి చెరువే గుర్తొస్తుంది.) మందుల చీటీలో నరాల నొప్పికిచ్చే మాత్ర ఉంటుంది. కాలు గుంజుతోందని మనకు అర్థమవుతూనే ఉంటుంది. అయినా ఊహించి 2 వేయకూడదు. ‘బహుశా’, ‘అనుమానం’ అని డాక్టర్ రాసినా ఔట్‌పేషెంటు చార్టులో అది రోగం కింద లెక్క కాదు. కాలికి పాకే నొప్పి వేరు, నరం మొదలే దెబ్బతినే రాడిక్యులోపతీ వేరు. ఆ మాట డాక్టర్ రాస్తేనే ఎం51.16 జోలికి పోవాలి. సందేహం వస్తే డాక్టర్‌కు ప్రశ్న పంపాలి. అదీ జవాబు మనమే అందించినట్టు ఉండకూడదు.

మొన్న పక్కింటి పెద్దమ్మ ఎమ్మారై కవరు చంకన పెట్టుకొని వచ్చింది. ఏటా సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకు పోయే మనిషి. మా మంత్రాలయం, కోసిగి పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడే కాలం అది. పొద్దంతా వంగి కాయ కోయడం, మాపటికి బస్తాలెత్తడం. కవరులోని చీటీలో ఒకటే వరుస: నడుము నొప్పి, మాత్రలు, విశ్రాంతి.

“నొప్పి యాడ పెద్దమ్మా?”

“నడుముది ఎప్పుడూ ఉండేదే నాయనా. ఇప్పుడు ఈడ పిర్ర కాడ మొదలై పిక్క దాకా గుంజుతాది. బొటనవేలు మొద్దుబారింది.”

“డాక్టర్‌కు చెప్పినావా?”

“అడిగితే గదా.”

అమెరికా చార్టులు పేజీలకు పేజీలు ఉండేది అక్కడి డాక్టర్లకు రోగి మీద ప్రేమ పొంగి కాదు. రాయకపోతే డబ్బు రాదు. ఇక్కడ ఆ ఒక్క వరుసను తిరగేసి అడిగే ఆడిటర్ లేడు. బయట క్యూ మాత్రం వరండా దాటి ఉంటుంది. అందుకే నా కోపం ఆ డాక్టర్ మీద నిలవలేదు.

ఆమెకు కోడ్ వేసే హక్కు నాకు లేదు, ఆమెకు కోడ్‌తో పనీ లేదు. ఒక తెల్లకాగితం తీసి, అడుగుతూ తెలుగులో రాసుకుంటూ పోయాను. ఎప్పటి నుంచి, ఎక్కడ మొదలై ఎక్కడి దాకా, వంగితే ఎక్కువా నిలబడితే ఎక్కువా, ఏ కాలి వేలు, ఒంటికి రెంటికి పట్టు తప్పుతోందా. చివరిదానికి నవ్వి, లేదంది. అది గాని మొదలైతే ఒక్క పూట కూడా ఆగకుండా కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలని చెప్పాను.

రాసింది చదివి వినిపించాను.

“బస్తాలు రాయలేదే?” అంది.

“డాక్టర్‌కు బస్తాలెందుకు పెద్దమ్మా?”

“ఎత్తింది నేను గదా. ఈ తూరి నలభై దాకా ఎత్తినా. రాయి.”

రాశాను. కాగితం మడిచి, ఎమ్మారై ఫిల్ము పక్కన దోపుకుంది.