తెరపై కన్యాశుల్కము, ఇంటిలో వరశుల్కము

ప్రసిద్ధ గ్రంథమును చలనచిత్రముగా తీసినప్పుడెల్ల మన యిండ్లలో ఒకే వాదము పుట్టుచుండును. పుస్తకములోని ఫలానా ఘట్టము పోయినదని యొకరు నొచ్చుకొందురు; చిత్రమును జూచినవారికి పుస్తకముతో పనియేమని మరియొకరందురు. ఈ రెండును తొందరపాటు తీర్పులేయని మా యభిప్రాయము. ఏడంకముల నాటకమును తెరకెక్కించునప్పుడు కొంత విడుచుట తప్పదు. ఏమి విడిచిరని కాక, గ్రంథకర్త యే దురాచారముపై గురిపెట్టెనో ఆ గురి తెరపై నిలిచినదా యని విచారింపవలెను.

మొన్న దిల్‌సుఖ్‌నగరులో మిత్రులయింట ఈ విచారము మాకు మిక్కిలి దగ్గరగా వచ్చినది. ఆ పేట ఉద్యోగపరీక్షల శిక్షణాలయములకును, విద్యార్థుల వసతిగృహములకును పేరుపడినది. నల్లగొండ ప్రాంతమునుండి వచ్చి అచ్చట స్థిరపడిన కుటుంబములలో మా మిత్రులది యొకటి. భోజనానంతరము అందరము గూడి, పి. పుల్లయ్యగారు దర్శకత్వము వహించిన 1955 నాటి ‘కన్యాశుల్కము’ చిత్రమును జూచితిమి.

గురజాడ అప్పారావుగారి నాటకము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో మిక్కిలి పెంచి తిరిగి వ్రాయబడినది. దాని మూలము వట్టి కల్పన కాదు. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టికను విజయనగర మహారాజుగారు వ్రాయింపగా, అవి 1034 అని తేలెనని గ్రంథకర్తయే పీఠికలో తెలిపియున్నారు. ఇట్టి ఘోరమును వారు నవ్వుతో చెప్పిరి. అదియును జనులు మాటలాడు భాషలో చెప్పిరి. గ్రాంథికము వ్రాయు మావంటివారు సయితము ఆ పాత్రల నోట మరియొక భాషను ఊహింపజాలము.

చిత్రమునందలి లోపమును ముందు చెప్పెదము. ఎన్.టి. రామారావుగారు గిరీశము. పుస్తకము చదువుచు మనము గిరీశమునకు నవ్వుదుము; పుట వెనుకకు త్రిప్పి, దేనికి నవ్వితిమాయని సిగ్గుపడుదుము. తెరముందు ఆ తీరిక లేదు. జనులు మెచ్చిన నటుని ముఖము మోసగానికి అడుగకయే క్షమాభిక్ష పెట్టును.

ఇక మేలు. నాటకమున సుబ్బి పెండ్లి కరటకశాస్త్రి పన్నాగమువలన తప్పిపోవును. కనుక ముసలివానికి అమ్ముడుపోయిన పసిపిల్ల గతి మన కన్నులయెదుట జరుగదు. చిత్రకారులు గురజాడవారి ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ గేయమును తెచ్చి ఇందులో చేర్చిరి. నవ్వు వెనుక దాగిన దుఃఖము దానివలన బయటపడినది. మూలమున లేనిది చేర్చుటయే ఇచ్చట మూలమునకు చేసిన న్యాయము.

చిత్రము ముగిసినది. అగ్నిహోత్రావధానుల యాశకు కడుపార నవ్విన యింటి యిల్లాలు, “ఆ కాలం పోయింది” అని నిట్టూర్చినది. అదే సమయమున ప్రక్కగదిలో ఆమె మరిది, ఆ యింటి యమ్మాయికి వచ్చిన సంబంధమునుగూర్చి ఫోనులో మాటలాడుచు, లాంఛనములనియు ప్లాటనియు లెక్కలు వేయుచుండెను. ఉద్యోగపరీక్షకు చదువుచున్న ఆ పిల్ల తల్లివైపు తిరిగి, “అమ్మా, అప్పుడు పిల్లను అమ్మినరు, ఇప్పుడు పిలగాణ్ణి కొంటున్నం. ఏం మారింది?” అని యడిగినది. ఎవ్వరును మాటలాడలేదు.

మాకు కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ జ్ఞప్తికి వచ్చినది. సి. పుల్లయ్యగారు దానిని 1939లో చిత్రముగా తీసిరి. భానుమతిగారికి అదియే మొదటి చిత్రము. ఆమె ధరించిన కాళింది, తన పెండ్లికై తండ్రి భూమి నమ్ముట సహింపలేక ప్రాణము విడుచును. చెల్లెలు కమల, పైకమిచ్చి కొన్న వరుడు మా సొత్తే గదా యని ఎదురుతిరుగును. కన్యాశుల్క చిత్రము గడచిన యొక తరమును జూపినది. కావున చూచువారికి ‘ఆ కాలము పోయినది’ యని తప్పించుకొను దారి గలదు. 1939 చిత్రమును జూచిన తండ్రులకు ఆ దారి లేకుండెను; తెరపై జరిగినది వారి యింటనే జరుగుచుండెను. 1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినను, ఆ ప్రక్కగది సంభాషణము నేటికిని ఆగలేదు.

కావున పుస్తకము గొప్పదా, చిత్రము గొప్పదా యను ప్రశ్నకు మా యుత్తరమిది. చిత్రము కుటుంబమునంతను ఒకచోట కూర్చుండబెట్టును. పుస్తకము ఒక్కొక్కరిని నిలిపి, నీ సంగతి యేమని యడుగును. ఒకటి రెండవదాని పని చేయజాలదు. చిత్రము చూచిన యింట మరునాడు నాటకమునందలి ఒక్క యంకమైనను పైకి చదువవలెను. సంబంధపు మాటలు సాగుచున్న యింట మరియు చదువవలెను.

ఆ రాత్రి తండ్రి లేచి ప్రక్కగదిలోనికి పోయి, అమ్మాయి పరీక్ష ముగియువరకు ఆ మాట ఆపుమని తమ్మునితో చెప్పెను. ఆపినంతమాత్రమున కట్నము పోయినట్లు కాదు. అయినను, ఆ నవ్వు ప్రక్కగదిదాక పోయినది గదా.