తంజావూరు ఏలికలు: పదవి, ప్రతిభ

ధనమును అధికారమును గలవారు సామాన్యులకంటె సహజముగనే సమర్థులని లోకమున నొక నమ్మకము కలదు. సాహిత్యచరిత్రమున ఈ నమ్మకమునకు బలముగా చూపదగిన రాజ్యము తంజావూరు. తమిళదేశమున స్థిరపడిన తెలుగువారు సగర్వముగ స్మరించు ఆ చరిత్రమున ఏలికలే కవులు. రఘునాథనాయకుడు (1600–1634) రామాయణమును, వాల్మీకిచరిత్రమును రచించెను. ఆయన కుమారుడు విజయరాఘవుడు (1634–1673) పెక్కు యక్షగానములు కూర్చెను. తరువాతి మరాఠాప్రభువు శాహజీ (1684–1712) తన మాతృభాష కాని తెలుగున పల్లకిసేవాప్రబంధమును వ్రాసెను. ఇట్లు సింహాసనముపై వరుసగా కవులు కనబడుటచే, ప్రతిభ రాచరికమును అంటిపెట్టుకొని యుండునేమో యని తోచును. ఆ తలంపు ఎంతవరకు నిలుచునో విచారింపవలసి యున్నది.

మొదట కర్తృత్వమును చూతము. సంగీతసుధ యను సంస్కృతలక్షణగ్రంథము రఘునాథుని పేర నున్నది. కాని విజయరాఘవుని ఆశ్రయమున చతుర్దండిప్రకాశికను రచించిన వేంకటమఖి, దానిని వ్రాసినది తన తండ్రియు నాయకరాజుల మంత్రియునగు గోవిందదీక్షితుడని చెప్పినాడు. ఇది పితృభక్తి పలికించిన మాట యని శంకింపవచ్చును. అయినను తన పోషకుని తండ్రికి దక్కిన కీర్తిని, ఆ పోషకుని కొలువులోనే మరియొకరిదని చెప్పుట లాభాపేక్షతో చేయు పని కాదు. కనుక ఆ సాక్ష్యమును తేలికగా త్రోసిపుచ్చరాదు. పండితుని శ్రమ ప్రభువు పేర చెల్లుటకు వీలున్నచోట, గ్రంథసంఖ్యనుబట్టి ప్రభువుల సామర్థ్యమును కొలుచుట యుక్తము కాదు.

ఇంతమాత్రమున రఘునాథుడు అసమర్థుడని కాదు. ఆయన సంగీతజ్ఞుడు, రసికుడు, కవి. అయినను ఆయన రచనలను, ఆయనకే అంకితమైన చేమకూర వేంకటకవి విజయవిలాసమును ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, పలుకుబడిలోని చమత్కారము ఎవరిదో చెప్పుటకు సహృదయుడు తడబడడు. తాపీ ధర్మారావుగారు విజయవిలాసమునకు వ్రాసిన హృదయోల్లాసవ్యాఖ్యకు 1971లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. మూడు శతాబ్దులు దాటినను ఆశ్రితుని కావ్యము అంతటి వ్యాఖ్యాతను తనవైపు త్రిప్పుకొన్నది. ఏలికతనము ఏలికకు అట్టి నిలుకడను సంపాదించి పెట్టలేదు.

ఇక స్త్రీల విషయము. చదువు స్త్రీలలో బహుకొద్దిమందికే అందిన ఆ కాలమున, ఆ కొలువులో రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమును, రంగాజమ్మ తెలుగున మన్నారుదాసవిలాసమును రచించిరి. ప్రతాపసింహుని (1739–1763) కాలమున ముద్దుపళని రాధికాసాంత్వనమును వ్రాసెను. వీరు రాజ్యమేలినవారు కారు; వారికి దొరకినది గురువు, గ్రంథము, వినువారు. అవి దొరకగనే ప్రతిభ బయటపడినది. కనుక కొలువు ఇచ్చినది అవకాశమే కాని సామర్థ్యము కాదు. అధికారమునకు మరుగుపరచు శక్తియు కలదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటించిన రాధికాసాంత్వనమును ఆనాటి ప్రభుత్వము నిషేధించెను. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు.

కొలువే లేకున్న నేమగునో ఆ సీమయందే మరియొక నిదర్శనము కలదు. త్యాగరాజస్వామి (1767–1847) తంజావూరికి చేరువనున్న తిరువయ్యారున ఉంఛవృత్తితో జీవించెను. ఆయన కృతులను నిలిపినవి రాజభాండారములు కావు. శిష్యుల వ్రాతప్రతులును, కంఠములును. అట్టి శిష్యులు లభింపని గాయకు లెందరో మనకు తెలియదు. వారి మౌనమును అసమర్థతగా లెక్కించుట న్యాయము కాదు.

ప్రభువులకు తీరిక, గురువు, లేఖకుడు, గ్రంథాలయము వంశపారంపర్యముగ లభించినవి. సామాన్యునకు ఇవి యన్నియు ఒక్కసారి సమకూరుట అరుదు. ఇరువురి ఫలితములను మాత్రమే తూచి ప్రతిభను నిర్ణయించుట, నీరు పెట్టిన చేనికిని మెట్టచేనికిని పంటలో పోటీ పెట్టుట వంటిది. తంజావూరు చరిత్రమును వ్రాయువారు గ్రంథముపైనున్న పేరుతో ఆగక, దాని వెనుకనున్న చేతులను వెదకవలయును. దక్షిణదేశమునందలి మన పాతయిండ్లలో మిగిలిన తాటాకులను, పాటలను అట్టి దృష్టితో పరిశీలించుట ఇంకను మిగిలియున్న పని.