ఒక పాత చీర, ఒక చిన్న బొంత

మేడ్చల్ జిల్లా బౌరంపేట్‌లో పాత ఊరి ఇళ్లూ కొత్త అపార్ట్‌మెంట్లూ పక్కపక్కనే ఉంటాయి. కట్టకుండా మూలపడ్డ నూలు చీరలు మాత్రం రెండు చోట్లా ఉంటాయి. బొంత కుట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు అంతకు మించిన సరుకు లేదు. ఉతికి ఉతికి గంజి పోయిన బట్ట ఇక కుంచించుకుపోదు, రంగు దిగదు, చంటిపిల్ల ఒంటికి ఒరుసుకోదు. కొత్త గుడ్డకు ఆ మెత్తదనం ఎంత డబ్బు పెట్టినా రాదు.

మొదటిసారి కుట్టేవాళ్లు తొట్టెల బొంతతో మొదలుపెట్టడం మంచిది. 5.5 మీటర్ల చీరను మూడడుగుల చొప్పున కోస్తే ఆరు ముక్కలు వస్తాయి. నాలుగు పొరలు చాలు. చిరుగులున్నవి మధ్యలోకి, గట్టివి పైకీ కిందికీ. పాలిస్టర్ కలపొద్దు, జారుతుంది, చెమట పీల్చదు. జరీ అంచు గీరుకుంటుంది కాబట్టి విప్పేయాలి.

పొరలను నేలమీద పరిచి, నడుమ నుంచి అంచులకు అరచేత్తో సవరిస్తూ, జానెడుకో వరుస కచ్చా కుట్లు వేయాలి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడుమకు చేరతాయి. అయితే కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ ఆడవాళ్లు కవాండి అనే తమ బొంతను మూల నుంచే మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. ముక్కలను ఒక్కొక్కటే పెట్టి కుడుతూ పోతారు కాబట్టి వాళ్లకది కుదురుతుంది.

ఇక అసలు కుట్టు. మూరెడు కంటే పొడవు దారం తీసుకుంటే చిక్కుపడుతుంది. సూది దిగగానే దాని మొన గుడ్డ కింద ఉన్న ఎడమచేతి వేలికి తగలాలి. తగిలిందంటే నాలుగు పొరలూ దాటినట్టే. మూడు నాలుగు కుట్లు సూదికెక్కాక దారం లాగాలి. మరీ బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది, వదులైతే పసివేళ్లు చిక్కుకుంటాయి. వరుసకూ వరుసకూ బొటనవేలంత ఎడం ఉంచి, ముడిని పొరల మధ్య దాచాలి. అంచులను అంగుళం లోపలికి మడిచి రెండు వరుసలు కుట్టాక కచ్చా కుట్లు తీసేయాలి.

వరుసలు వంకరపోతే బెంగపడొద్దు. కుట్లు దగ్గరగా పడితే బొంత గట్టిగా ఉంటుంది. ఒకచోట పోగు తెగినా పక్క కుట్టు పొరలను పట్టి ఉంచుతుంది. పొరల మధ్య నిలిచిన గాలే చలిని ఆపుతుంది.

బెంగాల్ బొంత అయిన కాంథాకూ ఆధారం ఇదే కుట్టు. అక్కడ పాత చీరల అంచుల నుంచి తీసిన రంగు పోగులనే దారంగా వాడేవారు. ఆ కాంథాలు ఫిలడెల్ఫియా మ్యూజియం దాకా వెళ్లాయి. మన బొంతకు ఆ మర్యాద దక్కలేదు. చినిగేదాకా వాడేస్తాం కనుక పాతవి చూసి నేర్చుకుందామన్నా దొరకవు. ఈ విద్య కుట్టినవాళ్ల చేతుల్లోనే మిగిలి ఉంది. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే, ఈ చలికాలంలోపు ఆమె పక్కన కూర్చుని ఒక బొంతైనా పూర్తిచేయండి.